తెలియనిదాని భయము: మశూచికపు టీకాల చరిత్రలో కొన్ని పుటలు

ఈ సంచిక చదువుచున్న వారిలో ఏబదియేండ్లు దాటినవారు ఒక్కసారి చొక్కా చేయి పైకి మడిచి చూచుకొనవలెనని మనవి. భుజమునకు క్రిందుగా గాని, ముంజేతి మీద గాని పావలా కాసంత గుండ్రని మచ్చ కనబడవచ్చును. కొందరికి రెండు మచ్చలుండును. అది మశూచికపు టీకా మచ్చ. మన పిల్లలకు ఆ మచ్చ లేదు. వారి భుజముపై కనబడు చిన్న మచ్చ క్షయ నివారణకు వేసిన బి.సి.జి. సూదిది. ఇక మన మనుమలకు ఆ రోగము పేరు కూడ తెలియదు. మన డయాసిసు నూరేండ్ల చరిత్రను మాకంటె తెలిసినవారు ఈ సంచికలో వ్రాయుచున్నారు గనుక మేము ఆ మచ్చ చరిత్రను వ్రాయ సంకల్పించితిమి. గుడి పునాదిరాళ్లమీద వలె దానికిని తేదీలున్నవి, పేర్లున్నవి.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పవలెను. మా చిన్నతనమున, ఎండలు ముదరకముందే టీకాలవారు ఊరికి వచ్చెడివారు. ఖాకీ సంచి, ఒక రిజిస్టరు, స్పిరిటు సీసా వారి సామగ్రి. వాడి పండ్లున్న చిన్న బిళ్లను చర్మముమీద ఆనించి గిర్రున త్రిప్పెడివారు. పిల్లల ఏడుపు పేట అంతటికిని వినబడెడిది. వారు వచ్చుచున్నారని తెలియగనే మా అమ్మమ్మ మమ్ములను, మా చెల్లెలిని పెరటిలోని ధాన్యపు గాదెలోనికి దింపి పైన గోనెపట్టా కప్పెడిది. మా కుటుంబము అప్పటికి మూడు తరములుగా గుడికి పోవుచున్న కుటుంబమే. అయినను మా ఇంట ఆ రోగమును పేరుపెట్టి పిలువరు, 'తల్లి' అనెడివారు. అది వచ్చిన ఇంట తాలింపు వేయరాదు, మాంసము వండరాదు, చాకలికి బట్టలు వేయరాదు, గుమ్మమునకు వేపమండలు కట్టవలెను. ఆదివారము ప్రార్థనలో పాస్టరుగారు ఆ ఇంటివారి పేరు చెప్పుదురు. సోమవారము మా అమ్మమ్మ వేపాకు దూయును. రెండును ఆమెకు ఒకదానికొకటి అడ్డుగా తోచలేదు.

1957లో మాకు బడిలోనే టీకాలు వేసిరి. బడికి పోని మా చెల్లెలు, మూడేండ్లది, గాదెలో మిగిలిపోయినది. మరుసటి వేసవిలో ఊరికి తల్లి వచ్చినది. పదునొకండవ దినమున మా చెల్లెలు చనిపోయినది. మాకు జ్వరము కూడ రాలేదు.

మా అమ్మమ్మ తెలివిలేని మనిషి కాదు. మూడు ఊళ్లకు ఆమెయే మంత్రసాని. పిల్ల అడ్డము తిరిగినదని చేతితో తడిమి చెప్పగలది. అట్టి మనిషి మనుమరాలిని గాదెలో ఎందుకు దాచినది? చాలకాలము ఈ ప్రశ్న మమ్ములను వెంటాడినది. తరువాత చదువుకొన్న కొలది మాకు అర్థమైనదేమనగా, ఆ గాదె మా పెరటిలో మాత్రమే లేదు. లోకమంతట ఉన్నది. మహా విద్వాంసులు, వైద్యులు, బోధకులు కూడ అందులోనికి దిగి పైన పట్టా కప్పుకొనిరి.

మనలో చాలమందికి తెలియని ఒక పేరుతో మొదలుపెట్టెదము. అమెరికాలోని బోస్టను నగరములో కాటన్ మేథర్ అను గొప్ప ప్రసంగికుడుండెను. 1706లో ఆయన సంఘస్థులు ఆయనకు ఒక ఆఫ్రికా బానిసను కొని కానుకగా ఇచ్చిరి. (ఆ కానుకను గూర్చి ఇప్పుడు సిగ్గుపడక తప్పదు.) ఆ మనిషికి మేథర్ ఒనేసిము అని పేరు పెట్టెను. ఫిలేమోను పత్రికలోని ఒనేసిము పేరే. నీకు మశూచికము ఎప్పుడైన వచ్చినదా అని యజమాని అడుగగా, వచ్చినది, రాలేదు అని రెండు జవాబులును చెప్పి, ఒనేసిము తన చేతిమీది మచ్చ చూపెను. అతని దేశములో రోగి పొక్కునుండి తీసిన రసమును ఆరోగ్యవంతుని చేతిలో చిన్న గాటుపెట్టి ఎక్కించెదరు. కొద్దిపాటి జ్వరముతో రోగము వచ్చిపోవును. ఇక జన్మలో రాదు. ఈ పద్ధతి తురుష్క దేశములోను, మన బంగాళములోను కూడ ఉండెడిది. బంగాళములో ఊరూర తిరిగి ఈ పని చేయువారిని 'టీకాదారు' లనెడివారు. మనము నేడు సూదిమందులకన్నిటికిని వాడు 'టీకా' అను మాట ఆ పాత పద్ధతికి ఉన్న పేరే.

1721లో బోస్టనుకు ఓడమీద మశూచికము వచ్చినది. నగర జనాభా సుమారు 11,000. అందులో సగము మందికి పైగా పడకవేసిరి, 844 మంది చనిపోయిరి. మేథర్ వైద్యులందరికిని ఉత్తరములు వ్రాసి ఒనేసిము చెప్పిన పద్ధతిని చేసి చూడుమని బతిమాలెను. ముందుకు వచ్చినది జబ్డియెల్ బాయిల్‌స్టన్ అను ఒక్క వైద్యుడే. ఆ జూన్ 26న ఆయన తన ఆరేండ్ల కుమారునికి, తన ఇంటి బానిసకు, ఆ బానిస పసిబిడ్డకు ఆ రసమెక్కించెను. ముగ్గురును బ్రతికిరి. ఊరు మండిపడినది. నగర పెద్దలు ఆ పని మానుమని ఆజ్ఞాపించిరి. బాయిల్‌స్టన్ వీధిలోనికి రాలేక దాగవలసి వచ్చెను. నవంబరులో ఒక రాత్రి మేథర్ ఇంటి కిటికీగుండ ఎవరో నిప్పంటించిన బాంబు విసరిరి. దైవకృపవలన అది పేలలేదు. ఏడాది తిరిగి లెక్కలు చూడగా, మామూలుగా రోగము వచ్చినవారిలో ఏడుగురికి ఒకరు చొప్పున మరణించిరి. బాయిల్‌స్టన్ చేతిలో రసమెక్కించుకొనిన 240 మందికి పైగా జనములో చనిపోయినది ఆరుగురు.

ఇక్కడ మేము రెండు సంగతులు దాచక చెప్పవలెను. మొదటిది, బోస్టనులో ఆరుగురు ప్రముఖ బోధకులు ఈ క్రొత్త పద్ధతి పక్షమున నిలువగా, వైద్యశాస్త్రములో పట్టము పొందిన ఏకైక వైద్యుడు విలియం డగ్లస్ దానిని ఎదిరించెను. మతము ఎప్పుడును చీకటి పక్షముననే ఉండునని చెప్పువారు ఈ ఉదాహరణను గమనింపవలెను. అయితే మనము గర్వపడుటకు వీలులేదు. మరుసటి ఏడు, 1722లో, లండనులో ఎడ్మండ్ మాసీ అను బోధకుడు వేదికనెక్కి, యోబు గ్రంథము రెండవ అధ్యాయమునుండి వాక్యము తీసికొని, యోబు దేహమున కురుపులు పుట్టించిన సాతానే లోకములో మొదటి టీకాదారుడన్నట్లు ప్రసంగించెను. ఆ ప్రసంగము అచ్చుపడి ఊరూర చదువబడినది.

రెండవది, భయపడినవారి వాదములో కొంత సత్యముండెను. ఆ పాత పద్ధతి ఎక్కించునది అసలు మశూచికమునే. వేయించుకొనినవాడు ఇరుగుపొరుగులకు అంటింపగలడు, తానును చనిపోవచ్చును. జోనతన్ ఎడ్వర్డ్స్ అను మహా ప్రసంగికుని పేరు మన బోధకులెరుగుదురు. 1758లో ప్రిన్స్‌టన్ కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన ఆయన, ఊరిలో రోగము పొడచూపగా తాను వేయించుకొనెను. నెల తిరుగక మార్చి 22న ఆ టీకావలన వచ్చిన రోగముతోనే ప్రభువునందు నిద్రించెను. ఆ వార్త విన్న తల్లి తన బిడ్డను గాదెలో దాచినచో ఆమెను తప్పుపట్టుట సులభము కాదు.

మరి దాచినవారి సంగతి? బోస్టను గొడవలలో మేథరును ఎగతాళి చేసిన పత్రికను నడిపినవాడు జేమ్స్ ఫ్రాంక్లిన్. ఆ అచ్చుకూటములో అన్న చేతిక్రింద పని నేర్చుకొనుచున్న పదునైదేండ్ల బాలుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, తరువాత లోకప్రసిద్ధుడైనవాడు. పెద్దవాడై అతడు టీకాల పక్షమునకు మారెను. అయినను తన కుమారుడు ఫ్రాన్సిస్‌కు వేయించుట ఆలస్యము చేసెను. 1736లో నాలుగేండ్ల ఫ్రాన్సిస్ మశూచికముతో చనిపోయెను. టీకావలననే చనిపోయెనని ఊరిలో పుకారు పుట్టగా, కాదు, వేయింపనందువలననే అని ఆ తండ్రి తన పత్రికలోనే ప్రకటించుకొనవలసి వచ్చెను. ముసలితనమున స్వీయచరిత్ర వ్రాయునప్పుడును ఆ దుఃఖము తీరలేదు. వేయించి బిడ్డ పోయినయెడల తమ్మును తాము క్షమించుకొనలేమని వెనుదీయు తల్లిదండ్రులకు, వేయింపక పోయినను బాధ అంతేయని తన ఉదాహరణ చూపి, అపాయము తక్కువగా ఉన్నదానిని ఎంచుకొనుమని హితవు చెప్పెను.

మాకు తోచినంతలో మా అమ్మమ్మ భయము మూలము ఇక్కడ ఉన్నది. రోగము వచ్చి బిడ్డ పోయినచో, దేవుడు ఇచ్చెను, తీసికొనెను అందురు. ఊరంతయు వచ్చి కూర్చుండును. మనము చేయి పట్టుకొని వేయించిన సూదివలన బిడ్డ పోయినచో, అది మన చేతిపని. పాతదానికి ఒక పేరున్నది, ఒక ఆచారమున్నది, దానితో ఎట్లు నడుచుకొనవలెనో ఇంటిలో పెద్దలకు తెలియును. క్రొత్తది ఖాకీ సంచిలో పరాయివాని చేతిలో వచ్చును. వాడు చేతిమీద గాయము చేసి రిజిస్టరులో పేరు వ్రాసికొని పోవును. మశూచికము సోకినవారిలో ముగ్గురు నలుగురికి ఒకరు చచ్చుచుండినను, మనుష్యులు ఎరిగిన మృత్యువుకంటె ఎరుగని మందుకే ఎక్కువ జడిసిరి.

ఎడ్వర్డ్ జెన్నరు కథ పాఠ్యపుస్తకములలో ఉన్నదే గనుక క్లుప్తముగా చెప్పెదము. ఆయన ఇంగ్లండులో బర్క్‌లీ అను గ్రామపు పాదిరిగారి కుమారుడు. ఆవుల పొదుగులకు వచ్చు పొక్కులు చేతులకు అంటిన పాలమనిషికి మశూచికము రాదని పల్లెవారు చెప్పుకొను మాటను పరీక్షింపదలచి, 1796 మే 14న ఒక పాలపిల్ల చేతి పొక్కునుండి తీసిన రసమును జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఎక్కించెను. ఇది అసలు మశూచికము కాదు గనుక ఇతరులకు అంటదు. ప్రాణాపాయము బహు స్వల్పము. ఇక భయము తీరవలెను గదా? తీరలేదు, వేషము మార్చుకొన్నది. ఆవు రసమెక్కిన పిల్లలకు కొమ్ములు మొలచునని, ముఖము ఎద్దు ముఖమగునని లండను వైద్యులే పుస్తకములు వ్రాసిరి. 1802లో గిల్‌రే అను చిత్రకారుడు టీకా వేయించుకొనినవారి ముక్కులనుండి, చేతులనుండి ఆవులు పుట్టుకొని వచ్చుచున్నట్లు వేసిన బొమ్మ నేటికిని పుస్తకములలో చూడవచ్చును.

ఈ గందరగోళములో రోలండ్ హిల్ అను లండను బోధకుడు చేసిన పని మాకు మిక్కిలి నచ్చినది. ప్రసంగము ముగించి, పిల్లలను తీసికొనిరండి, నేనే టీకా వేసెదనని ప్రకటించెడివాడు. తన చేతులతో వేలాదిమందికి వేసెను. ఆయన వైద్యుడు కాడు. ఆ తల్లులకు జెన్నరు ఎవరో తెలియదు. ఈయన ఎవరో తెలియును. తమ బిడ్డలకు బాప్తిస్మమిచ్చినవాడు, తమ తండ్రులను పాతిపెట్టినవాడు.

మన దేశములో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల పిల్ల అన్నా డస్ట్‌హాల్‌కు వేసిరి. ఆ కాలమున మంచుపెట్టెలు లేవు. ఒకరి చేతిపొక్కు పండగానే ఆ రసమును మరియొకరి చేతికి ఎక్కించుచు, దీపమునుండి దీపము వెలిగించినట్లు ఊరినుండి ఊరికి తీసికొని పోవలెను. ఈ చేతినుండి చేతికి పద్ధతియే మన దేశములో పెద్ద అడ్డంకియైనది. ఏ కులము పిల్లవాని చేతినుండి వచ్చినదో అని కొందరు, ఆవును బాధించి తీసినదని కొందరు జంకిరి. సర్కారు వేయు ముద్ర ఇది, రేపు పన్నుకో పట్టాళమునకో ఈ ముద్ర చూచి లాగుకొనిపోవుదురని మరికొందరు అనుమానించిరి. అందరి భయములును గాలికబుర్లు కావు. ఒకరి రసముతో పాటు సవాయి వంటి రోగములు కూడ మరియొకరికి సోకిన ఉదంతములు ఐరోపాలోనే ఉన్నవి. తరువాత తరువాత దూడల చర్మముమీద రసమును పెంచు పద్ధతి వచ్చిన మీదటనే ఆ అపాయము తీరినది. మదరాసు దగ్గర గిండీలో 1899లో స్థాపించిన కింగ్ ఇన్‌స్టిట్యూటు మొదట ఈ రసము తయారుచేయుటకే ఏర్పడినది.

మదరాసు ఊసు వచ్చినది గనుక ఒక వింత చెప్పవలెను. మన తెలుగు, తమిళము మొదలగునవి ఒక ప్రత్యేక కుటుంబపు భాషలని 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణపు పీఠికలో వ్రాసిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ దొరను భాషాభిమానులెరుగుదురు. ఆయనయే టీకామీద ఒక సంస్కృత పద్యము కూర్చి, అది బహు ప్రాచీనమైనదని జనము నమ్మునట్లు చేసెనని చెప్పుకొనిరి. క్రొత్తది గనుక భయపడుచున్నారు, పాతదని చెప్పినచో ఒప్పుకొందురని ఆలోచన. ఉద్దేశము మంచిదే కావచ్చును గాని, అబద్ధముతో నమ్మకమును కొనుట మాకు సమ్మతము కాదు. అదే కాలమున, 1805 ప్రాంతమున, థామస్ హిక్కీ వ్రాసిన మైసూరు రాణుల చిత్రపటమొకటి ఉన్నది. అందు ఒక యువరాణి చీర చెరగు ప్రక్కకు తొలగించి చేయి చూపుచున్నది. టీకా వేయించుకొన్న చోటును ప్రజలకు చూపుటకే అట్లు నిలిచినదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. ఆ మాట నిజమైనచో ఎల్లిస్ దొర పద్యముకంటె ఆ చేయి మేలు.

చట్టముతో భయము పోదని ఇంగ్లండువారు ఆలస్యముగా నేర్చుకొనిరి. 1853లో పసిబిడ్డలకు టీకా నిర్బంధము చేసిరి. వేయింపని తండ్రులకు జుల్మానాలు విధించిరి, కట్టనివారి సామానులు వేలమువేసిరి. ఫలితముగా 1885 మార్చిలో లెస్టరు పట్టణమున వేలాది జనము చిన్నపిల్లల శవపేటికను, జెన్నరు దిష్టిబొమ్మను మోసికొని ఊరేగిరి. 1898లో మనస్సాక్షి ఒప్పనివారికి చట్టమునుండి మినహాయింపు ఇయ్యక తప్పినది కాదు. మన దేశములోను 1974, 75 సంవత్సరములలో, రోగమును తుదముట్టించు తొందరలో, కొన్ని చోట్ల అర్ధరాత్రి తలుపులు త్రోసి, మనుష్యులను పట్టుకొని సూదులు పొడిచిరి. 1974 ఒక్క యేట మన దేశములో 1,88,000 మందికి రోగము వచ్చి 31,000 మంది చనిపోయిరి గనుక, ఆ తొందరకు కారణము లేకపోలేదు. అయినను పట్టుబడి పొడిపించుకొనినవాడు తరువాత వచ్చు ఏ మందును నమ్మునా?

పనిచేసినది వేరొకటి. రోగమున్న ఇంటిని వెదకి, ఆ ఇంటి చుట్టునున్న వారందరికిని టీకాలు వేసి కంచె కట్టుట. ఇందుకు ఇంటింటికి తిరుగు మనుష్యులు కావలెను. వారు సంతలలో, బడులలో రోగి పటము చూపి అడిగిరి. రోగి జాడ చెప్పినవారికి బహుమానము ప్రకటించిరి. చివరకు ఆ బహుమానము 1,000 రూపాయలైనది. 1975 మే నెలలో అస్సాములోని కరీంగంజిలో కనబడిన ఒక స్త్రీ మన దేశములో చివరి రోగి. ఆమె బంగ్లాదేశమునుండి వచ్చినది. 1977 ఏప్రిలులో భారతదేశము మశూచికము లేని దేశమని నిర్ధారించిరి. 1980 మే 8న ప్రపంచమంతట అది నశించినదని ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రకటించినది.

సహజముగా రోగము సోకిన వారిలో లోకమంతటికిని చివరివాడు సొమాలియాలోని మెర్కా పట్టణపు ఆసుపత్రి వంటవాడు, అలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరు. ఆసుపత్రిలో పనిచేయుచును అతడు టీకా వేయించుకొనలేదు. కారణము మరేమియు కాదు, సూదికి భయము. బ్రతికినాడు. చాలయేండ్ల తరువాత పోలియో మందు వద్దను తల్లుల యొద్దకు పోయి, భయముతో తాను చేసిన పొరపాటును తానే చెప్పి వారిని ఒప్పించెడివాడు. ఆ పనిలోనే తిరుగుచు 2013లో చనిపోయెను.

ఇదంతయు తీరిపోయిన కథ అనుకొంటిమి. 2021 జనవరి 16న మన దేశమున కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు ఫోనులలో వచ్చిన కబుర్లు మన సంఘములలో వినని వారెవరు? రెండేండ్లలో చచ్చెదరని ఒకరు, ఇది ప్రకటన గ్రంథములోని మృగపు ముద్రయని ఒకరు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో జెన్నరు టీకాను గూర్చి కూడ ఇదే మాట అనిరని వారికి తెలియదు. మాతో గాయకబృందములో పాడిన పెద్దాయన ఒకరు రెండు పర్యాయములు వరుసలో నిలువబడి రెండు పర్యాయములును వెనుదిరిగి వచ్చిరి. బి.ఏ. చదివినవారు, బడిలో హెడ్‌మాస్టరుగా చేసినవారు. ఆ మే నెలలో ఆయన చోటు ఖాళీ అయినది. అంత్యక్రియలకు నలుగురమే పోగలిగితిమి.

మా అమ్మమ్మ మాట చెప్పి ముగించెదము. మా చెల్లెలు పోయిన మరుసటి ఏడు టీకాలవారు వచ్చినప్పుడు పేటలో తలుపులన్నియు మూసికొనిరి. మా అమ్మమ్మ వీధిలోనికి వచ్చి, రవిక చేయి పైకి లాగి, నాకు వేయండి నాయనా అన్నది. ఆ వయసున ఆమెకు అవసరమున్నదో లేదో ఆ అబ్బాయికిని తెలియదు, వేసినాడు. తరువాత ఆమెయే అతని ముందు నడచి ఒక్కొక్క గడప యెదుట నిలిచి, పురుడు పోసిన బిడ్డలను పేరుపేరున పిలిచి బయటికి రప్పించినది. నా చేతిమీద పుట్టినదానివి, నా మాట వినవా అని కోడళ్లను గద్దించినది. ఆమె నడువగలిగినంత కాలము ఏటేట ఇదే జరిగినది. మా చెల్లెలి పేరు మాత్రము ఎవరియెదుటను ఎత్తెడిది కాదు. మేము పెద్దవారమై, ఇంక ఇదెందుకని గుమ్మమునకు కట్టిన వేపమండ తీయబోయితిమి. తీయనియ్యలేదు.